సాయంత్రం ఓపీ గొడవకు మూలం ఉదయం వార్డులో ఉంది

ప్రశ్న: గాజువాకలో మాది 30 పడకల ఆసుపత్రి. మామగారు జనరల్ ఫిజీషియన్. ముప్పై ఏళ్ల క్రితం ఆయనే ప్రారంభించారు. మావారు ఎముకల డాక్టరు. ఎంబీఏ చదివిన నేను గత ఏడాది నుంచి నిర్వహణ చూస్తున్నాను. మావారి సాయంత్రం ఓపీ 5 గంటలకు అని బోర్డు మీద ఉంటుంది. ఆపరేషన్ థియేటర్ నుంచి వచ్చి ఆయన కూర్చునేసరికి 6.15 అవుతుంది. గంటకు 8 మంది చొప్పున 9.30 వరకు టోకెన్లు ఇస్తాం. ఒక్కొక్కరికి సగటున ఆరు నిమిషాలు పడుతుంది. ముగిసేసరికి 11 కావస్తుంది, కౌంటరు దగ్గర రోజూ తగాదాలే. రోజుకు ఎనిమిది డిశ్చార్జిలు ఉంటాయి. ఉదయం 10కి ఇంటికి వెళ్లవచ్చని చెప్పిన రోగి సాయంత్రం 4కు గాని కదలడం లేదు. ఈ ఏడాది ముగ్గురు నర్సులు మానేశారు. మావారు టోకెన్ల సాఫ్ట్‌వేర్ కొందామంటున్నారు. కంపెనీ వాళ్లు నెలాఖరులోగా ఏదో ఒకటి తేల్చి చెప్పమని అడుగుతున్నారు. మామగారు ఇంకో డాక్టరును పెట్టుకుందామంటున్నారు. ఏది సరైనది?
– ఒక పాఠకురాలు, గాజువాక

సమాధానం: అమ్మా, ఈ నెలలో రెండూ వద్దు. సాఫ్ట్‌వేర్ కొంటే ఎవరు ఎంతసేపు వేచి ఉన్నారో తెర మీద తెలుస్తుంది, ఆ వేచి ఉండడం మాత్రం తగ్గదు. ఇంకో డాక్టరు వస్తే ఆయనకూ పడకలు కావాలి, థియేటర్ కావాలి. మీ దగ్గర ఇప్పటికే చిక్కుపడి ఉన్నవి అవే. ఓపీ సంగతి ఒక చోట, డిశ్చార్జిల సంగతి మరో చోట రాశారు. నాకు అవి రెండూ ఒకే సమస్యగా కనిపిస్తున్నాయి.

ముందు మీ అంకెలతోనే ఒక లెక్క వేద్దాం. ఆరు నిమిషాలకు ఒకరంటే మీవారు గంటకు పది మందిని చూడగలరు. మీరు ఇస్తున్న టోకెన్లు ఎనిమిదే. ఆ లెక్కన రద్దీయే ఉండకూడదు. కానీ 5 నుంచి 6.15 వరకు డాక్టరు కుర్చీ ఖాళీగా ఉంది, ఈలోగా పది మంది బెంచీల మీద చేరారు. ఆ తర్వాత గంటకు పది మందిని చూస్తుంటే ఎనిమిది మంది కొత్తగా వస్తారు. అంటే పాత బాకీ గంటకు ఇద్దరి చొప్పునే తీరుతుంది. పది మంది బాకీ తీరడానికి ఐదు గంటలు కావాలి. పైగా మీరు ఉత్తరంలో లెక్కించనివారు ఇంకొందరు ఉంటారు. ఎక్స్‌రేకో రక్త పరీక్షకో వెళ్లి, రిపోర్టు చూపించడానికి తిరిగి లోపలికి వచ్చేవారు. వాళ్ల చేతిలో కొత్త టోకెను ఉండదు, డాక్టరు సమయం మాత్రం మళ్లీ కావాలి. అలాంటివారు గంటకు ఇద్దరున్నా పదికి పదీ నిండిపోతుంది, మొదటి గంటంబావు బాకీ చివరి రోగి వరకు అలాగే ఉంటుంది. మీకు 11 కావస్తున్నది అందుకే. మీవారు నెమ్మదిగా చూడడం వల్ల కాదు. ఈ మాట ముందు ఆయనకు చెప్పండి. రాత్రి పదకొండింటి వరకు పనిచేసే మనిషి తనలోనే ఏదో లోపం ఉందనుకుంటూ ఉంటాడు.

ఈ వరుసల లెక్కకు వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఇంజినీరు అగ్నర్ ఎర్లాంగ్ 1909లో దానికి పునాది వేశారు. మనుషులు ఎవరికి వీలైన వేళ వాళ్లు వస్తూ, ఒక్కొక్కరికి పట్టే సమయం కూడా మారుతూ ఉండే చోట ఆ గణితం చెప్పేది ఇది: డాక్టరు సమయంలో 80 శాతం నిండితే రోగి సగటున నాలుగు సంప్రదింపులకు పట్టేంత సేపు వేచి ఉంటాడు. 90 శాతం నిండితే అది తొమ్మిది రెట్లు, 95 శాతం నిండితే పందొమ్మిది రెట్లు. మీ ఆరు నిమిషాల లెక్కలో అవి 24 నిమిషాలు, 54 నిమిషాలు, రెండు గంటలకు కాస్త తక్కువ. ఇది దీర్ఘకాలపు సగటు, ఒక్క సాయంత్రానికి అచ్చంగా సరిపోదు, కానీ పోకడ ఇదే. గంటకు ఒక్క రోగిని వేరే వేళకు మార్చగలిగినా నిరీక్షణ సగానికి పైగా తగ్గుతుంది. కాబట్టి ‘అందరినీ వేగంగా చూసెయ్యాలి’ అనే ఆలోచన మనసులోకి రానివ్వకండి. ఆరు నిమిషాలే తక్కువ. అందులో ఒక్క నిమిషం కూడా కోయవద్దు.

ఇక అసలు ప్రశ్న. మీవారు 5 గంటలకు ఎందుకు కూర్చోలేకపోతున్నారు? థియేటర్ పని ఆలస్యమైంది కనుక. అక్కడ ఆలస్యం చాలాసార్లు ఆపరేషన్ పొడవు వల్ల రాదు, ఉదయం మొదటి కేసు సమయానికి మొదలుకాకపోవడం వల్ల వస్తుంది. 9 గంటల కేసు 10.30కు మొదలైతే ఆ గంటన్నర రోజంతా వెంట వస్తుంది. మీ మత్తు డాక్టరు బయటి నుంచి వచ్చేవారైతే ఇంకా కష్టం. మీ దగ్గర గంటన్నర వృథా అయితే ఆయన ఎంవీపీ కాలనీలోనో మహారాణిపేటలోనో ఒప్పుకున్న కేసుకు వెళ్లక తప్పదు. ఎన్‌ఏడీ కొత్తరోడ్డు మీదుగా మళ్లీ గాజువాక చేరేసరికి మీ రెండో కేసు మధ్యాహ్నంలోకి జారిపోతుంది.

మొదటి కేసు ఎందుకు ఆగింది? ఈసీజీ తీయలేదు, రక్తం రిపోర్టు రాలేదు, ఎముకలో అమర్చే ఇంప్లాంట్ల సెట్టు స్టెరిలైజ్ కాలేదు, సమ్మతి పత్రం గురించి రోగితో ఎవరూ కూర్చుని మాట్లాడలేదు. ఇవన్నీ ముందు రోజే కావలసిన పనులు. ముందు రోజు కాకపోవడానికి కారణం, మధ్యాహ్నం రావలసిన రోగికి సాయంత్రం 5 దాటాక గాని పడక దొరకకపోవడం. అప్పటికి ల్యాబ్‌లోనివారంతా ఓపీ రద్దీలో ఉంటారు. పడక దొరకకపోవడానికి కారణం మీరే రాశారు: ఉదయం 10కి వెళ్లవలసినవారు 4 వరకు అక్కడే ఉన్నారు. నేను మీ ఆసుపత్రిని చూడకుండా చెబుతున్నాను కనుక మధ్యలో ఒకటి రెండు కారణాలు మీ దగ్గర వేరుగా ఉండవచ్చు. ఇలాంటి ఆసుపత్రుల్లో సాయంత్రం తగాదాను వెనక్కి వెతుక్కుంటూ వెళితే దారి తరచుగా ఉదయం వార్డు దగ్గరే ఆగుతుంది.

అందుకే డిశ్చార్జితో మొదలుపెట్టండి. ఎనిమిది మంది ఒక్కొక్కరు ఆరేసి గంటలు అదనంగా ఉంటే 48 గంటలు. అంటే మీ 30 పడకల్లో రెండు, చికిత్స పూర్తయినవారికోసమే రోజంతా ఇరవై నాలుగు గంటలూ కేటాయించినట్లు. కొత్త పడకలు కొనే ముందు, కొత్త డాక్టరును పెట్టుకునే ముందు ఈ రెండింటిని వెనక్కి తెచ్చుకోవాలి. ఇది డబ్బు సంగతి మాత్రమే కాదు. తుంటి ఎముకకు ఆపరేషన్ అయిన పెద్దావిడను నర్సీపట్నం అవతలి ఊరికి తీసుకువెళ్లవలసిన కుటుంబం సాయంత్రం 4కు బయలుదేరితే ఇంటికి చేరేది చీకటిలో. నొప్పితో, వాకర్‌తో, వాననీటి గుంతల దారిలో. ఉదయం 11కు పంపగలిగితే ఆమె వెలుగులో ఇల్లు చేరుతుంది. మందుల్లో ఏదైనా తేడా వస్తే అదే రోజు ఫోను చేసి అడగగలుగుతుంది.

ఆ ఆరు గంటలు ఎక్కడికి పోతున్నాయో ఒక రోగి ఫైలు వెంట స్వయంగా నడిచి చూడండి. రౌండ్లలో డాక్టరు మాట అన్న క్షణం నుంచి రోగి గేటు దాటే క్షణం వరకు. ఫైలు కదిలిన సమయం కన్నా బల్ల మీద పడి ఉన్న సమయమే ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. డిశ్చార్జి సమ్మరీ రాయవలసిన డ్యూటీ డాక్టరు క్యాజువాలిటీలో ఉంటారు. మిగిలిన మందులు ఫార్మసీకి తిరిగి ఇస్తేగాని బిల్లు ముగియదు. ఎక్స్‌రే చార్జి పుస్తకంలో ఎక్కలేదని బిల్లింగ్ నుంచి ఫోను వస్తుంది. వీటిలో ఏదీ డిశ్చార్జి రోజు ఉదయం చేయవలసిన పని కాదు. ముందు రోజు సాయంత్రం రౌండ్లలోనే ‘రేపు వెళ్లేవారు’ అని పేర్లు నిర్ణయించాలి. ఆ రాత్రే సమ్మరీ చిత్తుప్రతి సిద్ధం కావాలి, మందుల వాపసు పూర్తి కావాలి, బిల్లు ఆ రోజు వరకు ఎక్కాలి. ఉదయం డాక్టరు చూసి సరే అంటే చివరి గీత, సంతకం మాత్రమే మిగలాలి. కేసు తిరగబడి ఇంకో రోజు ఉంచవలసి వస్తే ఉంచండి. ఆ కొద్దిపాటి వృథా శ్రమకు భయపడవద్దు.

బీమా రోగుల విషయంలో మీకు చట్టం తోడుంది. బీమా నియంత్రణ సంస్థ 2024 మే నెలలో ఇచ్చిన ఉత్తర్వుల ప్రకారం నగదు రహిత చికిత్సకు అనుమతి అడిగిన గంటలోగా కంపెనీ తేల్చాలి. డిశ్చార్జికి తుది అనుమతి ఆసుపత్రి అడిగినప్పటి నుంచి మూడు గంటల్లోగా రావాలి. ఆలస్యం వల్ల ఆసుపత్రి అదనంగా వేసే మొత్తాన్ని కంపెనీయే భరించాలి. మీరు తుది బిల్లు మధ్యాహ్నం 1కి పంపితే ఆ మూడు గంటలు 4కు ముగుస్తాయి. ఉదయం 8.30కు పంపితే 11.30కు ముగుస్తాయి. పంపిన సమయం రాసి ఉంచుకోండి. అది లేకుండా మీ వాదన నిలబడదు. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కేసుల పత్రాలను కూడా అదే విధంగా ముందు రోజే సర్దించండి.

ఇదంతా మొదలుపెట్టే ముందు ఒక్క వారం కొలవండి. ప్రతి ఓపీ చీటీకి ఒక చిన్న కాగితం పిన్ను చేసి నాలుగు సమయాలు రాయించండి: టోకెను తీసుకున్నది, డాక్టరు గదిలోకి వెళ్లినది, బయటికి వచ్చినది, మందులు తీసుకుని వెళ్లిపోయినది. రిపోర్టుతో రెండోసారి లోపలికి వెళితే అదీ రాయాలి. కౌంటరు, ల్యాబ్, థియేటర్ గడియారాలు మూడూ ఒకే సమయం చూపేలా ముందు సరిచేయండి. చాలా చోట్ల చూపవు. థియేటర్‌లో రోజుకు ఒక్క అంకె చాలు, మొదటి కోత పడిన సమయం. ఆలస్యమైతే పక్కన కారణం ఒక్క మాటలో. ఎవరి పేరూ రాయవద్దు. ఇది తప్పులు పట్టడానికి అనే అనుమానం ఒక్కసారి పుట్టిందంటే అంకెలన్నీ చక్కగా వస్తాయి, ఒక్కటీ నిజం కాదు.

ఓపీ కూర్చునే తీరు గురించి. 1952లో నార్మన్ బెయిలీ, జె.డి.వెల్చ్ అనే ఇద్దరు ఇంగ్లండులో ఆసుపత్రుల ఓపీ క్యూలను పరిశీలించి ఒక సులువైన పద్ధతి చెప్పారు. ప్రారంభ సమయానికి ఇద్దరిని రమ్మని, ఆ తర్వాత సగటు సమయం ఎడంతో ఒక్కొక్కరిని పిలవాలి. డాక్టరు ఖాళీగా కూర్చోరు, రోగులు గుంపుగా చేరరు. ఆటోనగర్ నుంచి, పరవాడ ఫార్మాసిటీ నుంచి షిఫ్టు దిగి వచ్చే మనిషిని 6.18కి రమ్మంటే కుదరదు, నాకు తెలుసు. మీకు అరగంటల లెక్క సరిపోతుంది. అరగంటకు నలుగురు, మొదటి అరగంటకు ఐదుగురు. టోకెను మీద వరుస సంఖ్యతో పాటు ‘7.00 – 7.30’ అని రాసి ఇవ్వండి. సంఖ్య మాత్రమే ఉంటే మనిషి ముందుగా వచ్చి కూర్చుంటాడు. సమయం ఉంటే ఇంటికి వెళ్లి స్నానం చేసి వస్తాడు.

రిపోర్టు చూపించేవారికి ఒక నియమం పెట్టి గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి: ముగ్గురు కొత్తవారి తర్వాత ఒక రిపోర్టు. తగాదాల్లో ఎక్కువ భాగం ఆలస్యం గురించి ఉండవు, నా ముందు ఎవరో దూరారన్న బాధ గురించి ఉంటాయి. నియమం కంటికి కనిపిస్తే జనం చాలా ఓర్పుగా ఉంటారు. కుట్లు విప్పించుకునేవారు, కట్టు మార్పించుకునేవారు, ఆపరేషన్ తర్వాత చూపించుకునేవారు సాయంత్రం రద్దీలో రావలసిన పని లేదు. వారి తేదీ డిశ్చార్జి రోజే తెలుసు కదా. మధ్యాహ్నం ఒక గంట వారికి కేటాయించి, సమ్మరీ మీదే ఆ తేదీ, వేళ రాసి ఇవ్వండి. గంటకు ఒక్కరిని తప్పించినా ఎంత మార్పు వస్తుందో పైన చూశాం.

మామగారి గురించి రెండు మాటలు. ముప్పై ఏళ్ల నుంచి టోకెను లేకుండా తలుపు తోసుకుని వచ్చే కుటుంబాలు ఆయనకు ఉంటాయి. వాళ్ల నమ్మకం మీదే ఆసుపత్రి నిలబడింది. ఆ అలవాటును మాన్పించాలని చూడవద్దు. ఉదయం 10 నుంచి 11 వరకు ఆ కుటుంబాలకే ఉంచండి. ఆయన సుగర్, బీపీ రోగుల్లో మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ (సగటు సుగర్ తెలిపే రక్త పరీక్ష) చేయించుకునేవారి తేదీలు ముందే తెలుస్తాయి. వారిని ముందు రోజు ఉదయమే రక్తం ఇచ్చి వెళ్లమనండి. రిపోర్టు చేతిలో ఉంచుకుని ఒకేసారి లోపలికి వస్తారు. వారం కొలతల కాగితాలు ముందుగా ఆయన దగ్గరకే తీసుకువెళ్లండి. ‘ఇలా చేద్దాం’ అని మొదలుపెట్టకుండా ‘మామయ్యగారూ, ఇది చూసి ఏమంటారు?’ అని అడగండి. రోగిని చూసి కారణం వెతకడం ఆయన జీవితమంతా చేసిన పని. అంకెల్లో కారణం మీకన్నా ముందు ఆయనకే కనిపించవచ్చు.

నర్సులు మానేయడాన్ని మీరు మధ్యలో ఒక్క వాక్యంలో రాశారు. నాకు అది అన్నిటికన్నా ఎక్కువ కలవరం కలిగించింది. ఒక షిఫ్టు మొత్తం ఒక నర్సు పక్కన ఉండి చూడండి. ఫార్మసీకి ఎన్నిసార్లు దిగింది, కాన్యులా (సెలైన్ ఎక్కించే సన్నని గొట్టం) కోసం ఏ అలమారాలు వెతికింది, బిల్లింగ్ ఫోన్లకు ఎంతసేపు జవాబు చెప్పింది. రోగి పక్కన ఉండవలసిన సమయంలో సగం ఆ పనులకే పోతుంటే ఎంత జీతం ఇచ్చినా ఆమె మనసు నిలవదు. వార్డులోనే రెండు రోజులకు సరిపడా సామగ్రి ఒకే చోట, ఎప్పుడూ అదే చోట ఉంచండి. గడువు ముందు ముగిసేవి ముందు వరుసలో ఉండాలి. బిల్లింగ్ ప్రశ్నలకు వేరే మనిషిని పెట్టండి. కౌంటరు దగ్గర తిట్లు తినే పని నర్సుది కాదు. అలాంటి చోట మీరే వెళ్లి నిలబడాలి. రాత్రి 9కి డ్యూటీ దిగిన అమ్మాయి అగనంపూడికో పెందుర్తికో ఒంటరిగా ఆటో కోసం ఎదురుచూడకుండా వాహనం ఏర్పాటు చేయండి. సాఫ్ట్‌వేర్‌కు అనుకున్న డబ్బులో మొదటి వాటా దీనికి వెళ్లాలి.

థియేటర్ సమయానికి మొదలుకావాలన్న పట్టుదల తొందరగా మారే ప్రమాదం ఉంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన శస్త్రచికిత్స భద్రతా పట్టిక మీ థియేటర్ గోడ మీద లేకపోతే ఈ వారమే పెట్టించండి. అందులో 19 అంశాలు. మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, రోగి థియేటర్ దాటే ముందు మూడుసార్లు ఆగి పైకి చదవాలి. ఢిల్లీలోని ఒకదానితో సహా ఎనిమిది ఆసుపత్రుల్లో దాన్ని వాడి చూసిన అధ్యయనం 2009లో వెలువడింది. ఆపరేషన్ తర్వాతి మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి, తీవ్ర సమస్యలు 11 శాతం నుంచి 7కి తగ్గాయి. ఎముకల ఆపరేషన్లలో కుడి ఎడమల పొరపాటుకు ఎప్పుడూ అవకాశం ఉంటుంది. ఏ కాలో రోగి మెలకువగా ఉన్నప్పుడే గుర్తు పెట్టాలి. ఎంత ఆలస్యమైన రోజైనా దీన్ని వదలకూడదు. మీవారు ఒప్పుకుంటారు, పైకి చదివే బాధ్యత సిస్టర్‌కు ఇస్తే ఇంకా బాగా జరుగుతుంది.

మీరు అడగకపోయినా ఒక్క విషయం, విశాఖలో ఉన్నవారు కనుక. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరంలో ఎన్నో ప్రాంతాలకు రోజుల తరబడి కరెంటు లేదు. అక్టోబరు వచ్చేలోగా జనరేటర్‌ను వార్డు, థియేటర్ పూర్తి లోడుతో నడిపించి చూడండి, గంటకు ఎంత డీజిల్ తాగుతుందో రాసి పెట్టుకోండి. ఆక్సిజన్ నిల్వ కూడా రోజుల్లో లెక్కించాలి. సిలిండర్ల సంఖ్య మాత్రమే తెలిస్తే సరిపోదు.

సాఫ్ట్‌వేర్ కంపెనీవారికి నెలాఖరున చెప్పవలసిన జవాబు: మూడు నెలల తర్వాత మాట్లాడదాం. తగ్గింపు ధర అప్పటికి ఉండదంటే ఉండనక్కరలేదు. ఈలోగా వారిని కొన్ని విషయాలు రాతపూర్వకంగా అడగండి. రోగుల ఆరోగ్య వివరాలను డిజిటల్‌గా కలిపేందుకు కేంద్ర ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌తో వారి సాఫ్ట్‌వేర్ కలుస్తుందా? కలిస్తే రోగి మీ కౌంటరు దగ్గరి క్యూఆర్ కోడ్‌ను తన ఫోనుతో స్కాన్ చేయగానే పేరు, వయసు, చిరునామా నేరుగా చేరి టోకెను వస్తుంది, రాసుకునే పని తప్పుతుంది. టోకెను మీద అరగంట వేళ వేయగలదా? రిపోర్టుతో తిరిగి వచ్చేవారిని వేరే వరుసగా చూపగలదా? రేపు మీరు వారిని వదిలి వెళ్లాలనుకుంటే రోగుల వివరాలన్నీ మామూలు ఎక్సెల్ ఫైలుగా ఇస్తారా? చివరి ప్రశ్నకు సూటిగా ఔనని రాసి ఇవ్వనివారితో ఎంత తక్కువ ధరకైనా ఒప్పందం చేసుకోవద్దు. వారం కొలతలు పూర్తయ్యాక, మొదటి కోత పడిన సమయాల పట్టికతో మళ్లీ ఉత్తరం రాయండి. కొత్త డాక్టరు అవసరమా అన్న మామగారి ప్రశ్నకు అప్పుడు ఆ అంకెలతో జవాబు చెప్పగలను.